రిమోట్‌లో ఏ స్టిక్కు దేనికి?

యాసంగి వరి ఏపుగా ఎదిగిన రోజుల్లో ఎడమకాలువ కింద ఊళ్ళకు పొద్దున్నే వెళ్ళి చూడండి. మిర్యాలగూడ కావచ్చు, కోదాడ కావచ్చు, సూర్యాపేట చుట్టుపక్కల కావచ్చు. ఇదివరకు వీపున పంపు కట్టుకుని బురదలో దిగి మందు కొట్టిన చోట, ఇప్పుడు అక్కడక్కడ తుమ్మెద ఝుంకారంలాంటి మోత వినిపిస్తుంది. వరి చేనుకు రెండు మూడు మీటర్ల ఎత్తున ఆరు పంకాల యంత్రం ఒకటి అటూ ఇటూ పోతూ మందు చల్లుతూ ఉంటుంది. ఒడ్డు మీద ఒక మనిషి రెండు చేతులతో ఒక పెట్టెను పట్టుకుని దానివంకే చూస్తూ నిలబడి ఉంటాడు. చుట్టూ మీలాంటి పిల్లలు గుమిగూడి ఉంటారు. అందరి చూపూ పైనున్న డ్రోన్ మీదనే.

ఈసారి మీరు పైకి చూడకండి. ఆ మనిషి చేతులు చూడండి.

అతని పెట్టెలో రెండు పొట్టి పుల్లలు ఉంటాయి. వాటినే స్టిక్కులు అంటారు. ఎడమ బొటనవేలు ఒకదాని మీద, కుడి బొటనవేలు మరొకదాని మీద ఉంటుంది. ఆ రెండు వేళ్ళు కొద్ది మిల్లీమీటర్లు కదిలితే అక్కడ పాతిక కిలోల దాకా బరువున్న యంత్రం లేస్తుంది, దిగుతుంది, తిరుగుతుంది. ఇంతకూ డ్రోన్ పైకి లేవాలంటే ఏ వేలు కదపాలి? ఎడమదా, కుడిదా?

"ఇదేం ప్రశ్న, అన్నిటికీ ఒకే పద్ధతి ఉంటుంది కదా" అంటారేమో. లేదు. నాలుగు పద్ధతులున్నాయి. వాటిని మోడ్ 1, మోడ్ 2, మోడ్ 3, మోడ్ 4 అని పిలుస్తారు. బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళు "ఏ మోడ్ మంచిది?" అని ఎన్నో ఏళ్ళుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఈ వాదన వెనుక కాస్త భౌతికశాస్త్రం, కాస్త లెక్కలు, ఎక్కువగా మన మెదడు సంగతి ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

నాలుగు పనులు, రెండు చేతులు

ముందు మామూలు బొమ్మ విమానాన్ని తీసుకుందాం. దాన్ని నడపడానికి ముఖ్యంగా నాలుగు పనులు చేయాలి. ఒకటి, ఇంజను లేదా మోటారు వేగం పెంచడం, తగ్గించడం. దీన్ని థ్రాటిల్ అంటారు. రెండు, ముక్కు ఎత్తడం, దించడం. తోక దగ్గర అడ్డంగా ఉండే ఎలివేటర్ అనే రెక్క ఈ పని చేస్తుంది. మూడు, విమానాన్ని పక్కకు ఒరిగించడం. పెద్ద రెక్కల చివర ఉండే ఎయిలెరాన్లు ఒకటి పైకి, ఒకటి కిందికి కదిలి దీన్ని చేస్తాయి. నాలుగు, ముక్కును ఎడమకో కుడికో తిప్పడం. పడవకు చుక్కాని ఎలాంటిదో, తోక మీద నిలువుగా ఉండే రడ్డర్ అలాంటిది.

డ్రోన్‌కు ఇలాంటి కదిలే రెక్కలేవీ ఉండవు. పనులు మాత్రం అవే నాలుగు. అన్ని పంకాలూ వేగంగా తిరిగితే పైకి లేస్తుంది. వెనుక పంకాలు వేగం పెంచుకుని ముందువి తగ్గితే ముందుకు వంగి ముందుకు పోతుంది. ఒక పక్కవి వేగం పెరిగితే రెండో పక్కకు జరుగుతుంది. మరి ఉన్నచోటనే గుండ్రంగా తిరగడం ఎలా? పంకాలలో సగం గడియారం ముల్లు దిశలో, సగం దానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంటాయి. ఒక జట్టు వేగం పెంచి రెండో జట్టు వేగం తగ్గిస్తే, న్యూటన్ మూడో నియమం ప్రకారం డ్రోన్ శరీరం ఎదురు దిశలో తిరుగుతుంది.

ఇప్పుడు స్టిక్కుల సంగతి. ఒక్కో స్టిక్కు పైకీ కిందికీ కదులుతుంది, ఎడమకూ కుడికీ కదులుతుంది. అంటే ఒక స్టిక్కుతో రెండు పనులు. రెండు స్టిక్కులతో నాలుగు పనులు. సరిగ్గా సరిపోయింది కదూ!

ఇక్కడ ఒక చిన్న లెక్క. నాలుగు పనులను నాలుగు స్థానాల్లో ఎన్ని రకాలుగా సర్దవచ్చు? 4 × 3 × 2 × 1, అంటే 24 రకాలుగా. మరి మోడ్‌లు నాలుగే ఎందుకు? మనిషికి అర్థమయ్యేలా ఉండాలి కాబట్టి. "పక్కకు ఒరుగు" అనడానికి స్టిక్కును పక్కకే కదపాలి గాని పైకి కదిపితే ఎవరికి గుర్తుంటుంది? అందుచేత థ్రాటిల్, ఎలివేటర్ ఎప్పుడూ పైకీ కిందికీ కదిలే స్థానాల్లోనే ఉంటాయి. ఎయిలెరాన్, రడ్డర్ ఎప్పుడూ అడ్డంగా కదిలే స్థానాల్లోనే. నిలువు జంటను చేతుల మధ్య పంచడానికి రెండు దారులు, అడ్డం జంటను పంచడానికి రెండు దారులు. 2 × 2 = 4. అంతే.

మోడ్ 1లో కుడి స్టిక్కు మీద థ్రాటిల్, ఎయిలెరాన్ ఉంటాయి. ఎడమ దాని మీద ఎలివేటర్, రడ్డర్. మోడ్ 2లో ఎడమ స్టిక్కు మీద థ్రాటిల్, రడ్డర్. కుడి దాని మీద ఎలివేటర్, ఎయిలెరాన్. మోడ్ 2ను అద్దంలో చూస్తే మోడ్ 3, మోడ్ 1ను అద్దంలో చూస్తే మోడ్ 4 వస్తాయి. ఈ చివరి రెండూ వాడేవారు చాలా తక్కువ. నోటు పుస్తకంలో నాలుగు బొమ్మలు వేసుకోండి. చదివితే గజిబిజిగా ఉన్నది గీస్తే సులభంగా తెలుస్తుంది.

వేలు కదిలితే రెక్క ఎలా కదులుతుంది?

స్టిక్కు అడుగున మారే నిరోధం ఒకటి ఉంటుంది. పాత రేడియోలో శబ్దం పెంచే మర తిప్పినప్పుడు ఏం జరిగేదో ఇక్కడా అదే. స్టిక్కు స్థానాన్ని బట్టి వోల్టేజి మారుతుంది. పెట్టెలోని ట్రాన్స్‌మిటర్ ఆ వోల్టేజిని అంకెగా మార్చి రేడియో తరంగం మీద పంపుతుంది. విమానంలోని రిసీవర్ దాన్ని అందుకుని సర్వో అనే చిన్న మోటారుకు విద్యుత్ స్పందనలు ఇస్తుంది. సాధారణంగా సెకనుకు 50 స్పందనలు. ఒక్కో స్పందన 1.5 మిల్లీసెకన్లు ఉంటే సర్వో మధ్యలో నిలుస్తుంది. 1 మిల్లీసెకను అయితే ఒక కొసకు, 2 మిల్లీసెకన్లు అయితే రెండో కొసకు పోతుంది.

ఇప్పటి పెట్టెలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద పనిచేస్తాయి. తరంగదైర్ఘ్యం ఎంతో మీరే కట్టండి. కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే 12.5 సెంటీమీటర్లు వస్తుంది. అందుకే వీటి ఏంటెనాలు పొట్టిగా ఉంటాయి. ఇదివరకు అమెరికాలో వాడిన 72 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు నాలుగు మీటర్ల పైమాట. ఆ రోజుల్లో పెట్టె నుంచి పొడవాటి కడ్డీ ఒకటి బయటికి లాగాల్సి వచ్చేది.

స్టిక్కులలో ఇంకో విశేషం ఉంది. వేలు తీసేస్తే మూడు కదలికలు స్ప్రింగుల బలంతో మధ్యకు వచ్చేస్తాయి. బొమ్మ విమానాల పెట్టెలో థ్రాటిల్ మాత్రం ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది, ఎందుకంటే ఎగురుతున్నంత సేపు ఇంజను నడుస్తూనే ఉండాలి. కాబట్టి మోడ్ 1 పెట్టెను మోడ్ 2కు మార్చాలంటే లోపలి లెక్క మార్చితే చాలదు. మూత విప్పి స్ప్రింగును ఒక పక్క నుంచి రెండో పక్కకు మార్చాలి. చాలా డ్రోన్ల పెట్టెల్లో నాలుగు కదలికలకూ స్ప్రింగులుంటాయి. అక్కడ తెర మీద ఒకచోట వేలు తాకిస్తే మోడ్ మారిపోతుంది. ఇది సౌకర్యమే. ప్రమాదం కూడా. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రెండు అలవాట్లు ఎలా పుట్టాయి?

రేడియోతో దూరం నుంచి యంత్రాన్ని నడపడం 1898లో మొదలైంది. ఆ ఏడు నికోలా టెస్లా న్యూయార్కులో ఒక నీటితొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించాడు. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో రేడియోతో బొమ్మ విమానాన్ని నడిపారు. తొలినాటి చాలా పెట్టెల్లో స్టిక్కులే లేవు. ఒక్క మీట ఉండేది. ఒకసారి నొక్కితే రడ్డర్ కుడికి, వదిలితే మధ్యకు, మళ్ళీ నొక్కితే ఎడమకు. పోయినసారి ఎటు తిప్పామో మరిచిపోతే విమానం చెట్టెక్కేది!

ఆ తర్వాత 1950లలో రీడ్ల పద్ధతి వచ్చింది. హార్మోనియంలో ఒక్కో స్వరానికి ఒక్కో లోహపు రేకు ఉంటుందని మీకు తెలుసు. విమానంలోని రిసీవర్‌లో అలాంటి రేకుల వరుస ఒకటి పెట్టారు. నేల మీది పెట్టె ఒక స్వరాన్ని పంపితే, ఆ స్వరానికి సరిపోయే రేకు మాత్రమే అనునాదం వల్ల గట్టిగా కంపించి విద్యుత్ వలయాన్ని కలుపుతుంది. పెట్టె మీద స్టిక్కులకు బదులు చిన్న చిన్న మీటలుండేవి. ఎత్తుకు సంబంధించిన మీట ఒక చేతికి, ఒరగడానికి సంబంధించినది రెండో చేతికి ఇవ్వడం అప్పట్లో వీలుగా ఉండేది. 1960లలో స్టిక్కు ఎంత కదిపితే రెక్క అంత కదిలే పెట్టెలు వచ్చాక కూడా కొందరు ఆ పంపకాన్నే ఉంచుకున్నారనీ, మోడ్ 1 అలా నిలిచిందనీ పాతతరం వాళ్ళు చెబుతారు.

మోడ్ 2 వారి తర్కం వేరు. ఒంటరి చోదకుడు నడిపే యుద్ధవిమానాన్ని చూడండి. కుడిచేతిలో కర్ర ఉంటుంది. దానితో ముక్కు ఎత్తడమూ, పక్కకు ఒరగడమూ రెండూ చేస్తాడు. ఎడమచేయి థ్రాటిల్ మీద ఉంటుంది. "నిజమైన విమానంలో ఉన్నట్టే మా పెట్టెలోనూ ఉంది" అంటారు వీళ్ళు. ఈ మాట వినడానికి బాగానే ఉంది గాని పూర్తిగా నిలవదు. పైలట్లు శిక్షణ పొందే సెస్నా లాంటి చిన్న విమానంలో ప్రధాన చోదకుడు ఎడమవైపు కూర్చుంటాడు. అతని ఎడమచేయి చక్రం మీద, కుడిచేయి థ్రాటిల్ మీద ఉంటాయి. అంటే అది మోడ్ 3కు దగ్గర! పైగా నిజం విమానంలో రడ్డర్‌ను కాళ్ళతో నడుపుతారు. మన పెట్టెకు కాళ్ళెక్కడివి?

మోడ్ 1 వారికి గట్టి వాదన ఒకటుంది. ఒకే వేలితో ఒరగడం, ముక్కు ఎత్తడం రెండూ చేస్తే, ఒకటి చేయబోయి తెలియకుండానే రెండోది కాస్త కలిసిపోతుంది. బొటనవేలు కీలు చుట్టూ వంపుగా తిరుగుతుందే తప్ప గీత గీసినట్టు పక్కకు పోదు. మీ వేలితో బల్ల మీద అడ్డంగా గీయబోయి చూడండి, గీత వంగుతుంది. రెండు పనులను రెండు చేతులకు పంచితే ఈ బాధ ఉండదు. విన్యాసాలు చేసేవారికి ఇది పెద్ద విషయమే.

మరి ఎవరు గెలిచారు? జపానులో మోడ్ 1 పాతుకుపోయింది, ఆస్ట్రేలియాలోనూ చాలాకాలం అదే నడిచింది. అమెరికాలో మోడ్ 2. చైనావాళ్ళు మోడ్ 1ను "జపాను చేయి" అనీ, మోడ్ 2ను "అమెరికా చేయి" అనీ పిలుస్తారు. ఈ రెండు దేశాల వాళ్ళ వేళ్ళలో తేడా ఏమీ లేదు. అసలు కారణం గురువు. కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో విమానం కింద పడబోతుంటే గురువు ఆ పెట్టెను లాక్కుని కాపాడాలి. గురువుది ఏ మోడో శిష్యుడిది కూడా అదే అయితేనే అది కుదురుతుంది. శిష్యుడు రేపు గురువవుతాడు. యాస కూడా ఇలాగే కదా! సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా జగ్గయ్యపేట వైపు బస్సులో పోతూ పక్కవాళ్ళ మాట వినండి. ఏ యాస మంచిదని ఎవరూ పరీక్ష పెట్టి ఎంచుకోలేదు. ఇంట్లో ఏది విన్నారో అదే వచ్చింది.

ఇప్పుడు దుకాణంలో దొరికే డ్రోన్లు ఎక్కువగా మోడ్ 2లోనే వస్తున్నాయి. మన దేశంలో డ్రోన్ నేర్పేచోట్ల కూడా సాధారణంగా అదే. ఎడమచేతి వాటం వాళ్ళకు వేరే మోడ్ కావాలా అని ఒక తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అక్కర్లేదు. రెండు చేతులకూ సమానంగా పని ఉంది, కొత్తగా నేర్చుకునే వేలికి ఏదైనా కొత్తే.

పాత బుల్లెట్ చెప్పే పాఠం

అయితే అలవాటు పడ్డాక మారడం అంత తేలిక కాదు. మీ తాతగారి తరంలో బుల్లెట్ మోటారు సైకిలు నడిపిన వారెవరైనా ఉంటే అడగండి. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. ఇప్పటి బండ్లకు ఎడమకాలి కింద గేరు, కుడికాలి కింద బ్రేకు. పాత బండి నడిపినవారు కొత్త బండి ఎక్కితే ఖాళీ రోడ్డు మీద బాగానే నడుపుతారు. గేదె అడ్డం వచ్చిందా, ఎడమకాలే బలంగా దిగుతుంది. బ్రేకు పడదు, గేరు మారుతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు ఆలోచించి చేసే పని వేరు. తొందరలో ఆలోచనకు వ్యవధి ఉండదు, పాత అలవాటే ముందుకు దూకుతుంది.

ఇప్పుడు మళ్ళీ వరి పొలానికి వద్దాం. మోడ్ 1 అలవాటున్న ఒక వ్యక్తికి మోడ్ 2లో ఉన్న పెట్టె ఇచ్చారనుకోండి. లేదా మోడ్ 2 మనిషి పెట్టెలో ఎవరో తెర మీద తాకి మోడ్ మార్చారనుకోండి. అతను ముందు జాగ్రత్తగా డ్రోన్‌ను ఎడమకు తిప్పి చూస్తాడు, సరిగ్గానే తిరుగుతుంది. కుడికి జరిపి చూస్తాడు, జరుగుతుంది. "అంతా బాగానే ఉంది" అనుకుంటాడు. కాని మీరు గీసుకున్న బొమ్మలు చూడండి. మోడ్ 1కూ మోడ్ 2కూ అడ్డం కదలికలు ఒకటే. మారేవి నిలువు కదలికలు మాత్రమే. సగం సరిపోవడమే ఇక్కడి మోసం. నాలుగూ మారి ఉంటే మొదటి క్షణంలోనే తెలిసిపోయేది.

డ్రోన్ ముందుకు పోతోంది. ఎదురుగా వ్యవసాయ మోటార్ల కరెంటు తీగలు కనిపిస్తాయి. మోడ్ 1 మనిషి వేలు చేసే పని ఒక్కటే, పైకి లేపడానికి కుడి స్టిక్కును ముందుకు తోయడం. కాని ఈ పెట్టెలో కుడి స్టిక్కు ముందుకు తోస్తే డ్రోన్ లేవదు, మరింత వేగంగా ముందుకు పోతుంది. "ఎత్తు చాలలేదు" అని ఇంకా తోస్తాడు. వేగం ఇంకా పెరుగుతుంది. తప్పు తనను తానే పెంచుకుంటూ పోతుంది. సెకనుకు 5 మీటర్ల వేగం అనుకుంటే, పొరపాటు తెలియడానికి 2 సెకన్లు పట్టినా 10 మీటర్లు దాటిపోయింది. పది లీటర్ల మందు, వేడెక్కిన బ్యాటరీలు, ఒరుసుకుపోయే పంకాలు. ఒడ్డు మీద ఉన్న పిల్లలు ఎంత దూరంలో ఉన్నారు?

అందుచేత అనుభవం ఉన్నవాళ్ళు పెట్టె చేతులు మారేటప్పుడు మొదట "ఏ మోడ్?" అని అడుగుతారు. డ్రోన్‌ను మనుషులకు దూరంగా మీటరు ఎత్తున నిలిపి నాలుగు కదలికలనూ ఒక్కొక్కటిగా కొద్దికొద్దిగా పరీక్షిస్తారు, రెండు కాదు. గాలిలో ఏదో తేడా అనిపిస్తే చేయవలసిన పని వింతగా ఉంటుంది. ఏమీ చేయకూడదు, వేళ్ళు తీసేయాలి. ఉపగ్రహాల సంకేతాలతో తన చోటు తెలుసుకునే డ్రోన్‌లో స్టిక్కులన్నీ మధ్యకు రాగానే అది ఉన్నచోట ఆగి నిలబడుతుంది. బొమ్మ విమానం అలా ఆగలేదు. దాని రెక్కల మీద గాలి పోతుంటేనే అది ఎగురుతుంది కదా.

బొమ్మ విమానం వాళ్ళకు ఇంకో తిప్పలు కూడా ఉంది. విమానం మన ఎదురుగా వస్తుంటే దాని కుడి మన ఎడమ అవుతుంది. అప్పుడు ఎటు కదపాలి? దానికొక ఉపాయం ఉంది. ఎదురొచ్చే విమానం రెక్క మీకు ఏ వైపు వాలి కనిపిస్తే, ఎయిలెరాన్ స్టిక్కును ఆ వైపుకే తోయండి. వాలుతున్న రెక్క కింద గుంజ పెట్టి నిలబెట్టినట్టు! ఏ మోడ్ వారికైనా ఇది పనిచేస్తుంది.

వ్యవసాయ డ్రోన్ నడపడానికి మన దేశంలో ధృవపత్రం కావాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 18 ఏళ్ళు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి. 2023లో ప్రకటించిన డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని తలపెట్టింది. కాబట్టి మీలో కొందరి అమ్మలే మీకు గురువులు కావచ్చు. గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు మనకు దగ్గరే. మీ మాస్టారితో వెళ్తే అక్కడి శాస్త్రవేత్తలను ఈ సంగతులు అడగవచ్చు.

మీరే చేసి చూడండి

డ్రోన్ లేకుండానే మోడ్ మార్పును పరీక్షించవచ్చు. ఒక అట్టముక్క మీద పక్కపక్కన రెండు వృత్తాలు గీసి, ఒక్కోదాని మధ్యలో చొక్కా గుండీ పెట్టండి. ఇవే మీ స్టిక్కులు. బొటనవేళ్ళు గుండీల మీద ఉంచండి. స్నేహితురాలు చీటీలు తీసి ఒక్కో ఆజ్ఞ చదవాలి. "పైకి", "కిందికి", "ముందుకు", "వెనక్కి", "ఎడమకు తిరుగు", "కుడికి తిరుగు", "ఎడమకు జరుగు", "కుడికి జరుగు". ఒక్కో ఆజ్ఞ అయిదుసార్లు, కలగాపులగంగా, మొత్తం 40. ముందు మోడ్ 2లో చేయండి. తప్పులు లెక్కపెట్టి మరొకరు రాయాలి. తప్పులు దాదాపు లేకుండా పోయేదాకా రోజూ చేయండి.

అప్పుడు ఒక్కసారిగా మోడ్ 1కు మారండి. తప్పులు ఏ ఆజ్ఞల దగ్గర వచ్చాయో విడివిడిగా రాయండి. నిలువు ఆజ్ఞల దగ్గరా, అడ్డం ఆజ్ఞల దగ్గరా? తర్వాత స్నేహితురాలిని ఆజ్ఞల వేగం రెట్టింపు చేయమనండి. మళ్ళీ రాయండి. ఎప్పుడూ మోడ్ 2 నేర్వని మరో మిత్రునితో నేరుగా మోడ్ 1లో ఇదే చేయించి, అతని తప్పులను మీ తప్పుల పక్కన వేయండి. ఎవరికి ఎక్కువ వచ్చాయి?